చేపపిల్లలకూ అదను కావాలి

నమస్కారం. ఆనకట్టల గురించి మాట్లాడిన ప్రతిసారీ నాకు ఒకే ప్రశ్న ఎదురవుతోంది: "ఏడాది పొడవునా ఎంతో కొంత నీరు వదులుతూనే ఉన్నారు కదా, ఇక చేపలకు వచ్చిన లోటేమిటి?" వరి పండించేవారు ఈ ప్రశ్న అడగరు. నారు పోసే వేళకు రాని కాలువ నీరు కోతల వేళకు ఎంత వచ్చినా పనలను తడపడం తప్ప చేనుకు మేలు చేయదని వారికి తెలుసు. ఆ అదను అనే మాటను పట్టుకుని అమెరికాలోని గ్రీన్ నది దగ్గరకు వెళ్దాం.

[తెరపై: యూటా, కొలరాడో రాష్ట్రాల్లో గ్రీన్ నది, దానిలో కలిసే యాంపా నది పటం]

ఈ నదిలో రేజర్‌బ్యాక్ సక్కర్ అనే చేప ఉంది. తల వెనుక కత్తి అంచులా లేచిన మూపుతో ఉండే ఈ చేప నలభై ఏళ్లకు పైగా బతకగలదు. గోదావరికి ఎర్రనీరు వచ్చాక పులస ఎదురీదినట్టే, ఇది కొండల మీది మంచు కరిగి నది పొంగే వసంతంలో గులకరాళ్ల తిన్నెలపై గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోతూ, గట్లు దాటిన వరదతో పాటు పక్కనున్న పల్లపు మడుగుల్లోకి చేరాలి. ఎండకు వెచ్చబడిన ఆ నిలకడ నీటిలో మేత సమృద్ధిగా దొరుకుతుంది. నా దృష్టిలో ఆ మడుగే వాటి నారుమడి.

1962లో, ఈ నదిపై ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట కడుతున్న రోజుల్లో, కొత్త జలాశయంలో ట్రౌట్ చేపలను పెంచాలన్న ఆశతో గ్రీన్ నదిలోనూ ఉపనదుల్లోనూ వందల కిలోమీటర్ల మేర రోటెనోన్ విషం కలిపి, అక్కడి సొంత చేపలను చంపారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ తరువాత ఆనకట్ట వసంతకాలపు వరదను కుదించింది. పెద్ద చేపలు గుడ్లు పెడుతూనే ఉన్నా, నారుమడికి నీరెక్కక పిల్లలు ఎదగలేదు. 1991లో ఈ చేపను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు.

మొదట్లో, గ్రీన్ నదిలో కలిసే యాంపా నది పొంగినప్పుడే ఆనకట్ట నుంచీ నీరు వదిలి వరదను పెంచేవారు. ఆలోచన మంచిదే, కానీ చాలా ఏళ్లలో పిల్లలు గుడ్డు నుంచి బయటపడేసరికే ఆ వరద తీసేది. నారు మొలకెత్తకముందే మడికి నీరు పెట్టి, మొలకెత్తాక తూము మూసినట్టయింది. అందుకే 2012 నుంచి పద్ధతి మార్చారు. రాత్రివేళ నది అంచున దీపపు వలలు ఉంచుతారు. వెలుగుకు ఆకర్షితమై, సెంటీమీటరు పొడవైన, గాజుపోగు లాంటి పిల్లలు అందులో చేరతాయి. అవి కనిపించాయన్న కబురు అందాకే ఆనకట్ట నుంచి పెద్ద ఎత్తున నీరు వదులుతారు. అంత పెద్ద ఆనకట్ట ఆ చిన్న ప్రాణి కోసం వేచి ఉండటం నాకు ఎంతో నచ్చిన విషయం.

[తెరపై: స్టూవర్ట్ లేక్ మడుగు తూము]

జెన్సెన్ ఊరి దగ్గరి స్టూవర్ట్ లేక్ మడుగుకు కంచె కూడా ఉంది. తూముకు అమర్చిన జాలీ సన్నని పిల్లలను లోపలికి పోనిస్తుంది, వాటిని తినే పెద్ద చేపలను ఆపుతుంది. వేసవి చివర మడుగు నీటిని తీసి, ఎదిగిన పిల్లలను నదికి చేరుస్తారు. నారు పీకి నాటు వేయడమంటే ఇదే కదా.

సమయం దగ్గరపడింది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. కలుపు కూడా ఉంది: బయటి నుంచి తెచ్చిన స్మాల్‌మౌత్ బాస్ అనే చేప స్థానిక చేపపిల్లలను తినేస్తుంది. దాని మగచేప గూడుకు కాపలా కాస్తుంది కనుక, 2021లో ఆ గూళ్ల కాలం చూసి ఆనకట్ట నుంచి ఒక్కసారిగా నీరు వదిలి, కాపలా చెదరగొట్టే ప్రయత్నం చేశారు. ఇక గ్రీన్ నది వెళ్లి కలిసే కొలరాడో నదిలో, గ్రాండ్ జంక్షన్ ఊరి దగ్గర 15 మైళ్ల మేర, పొలాల కాలువలు నీటిని మళ్లించడంతో వేసవి చివర ప్రవాహం బాగా సన్నగిల్లేది. అక్కడ రూడై జలాశయం నుంచి చేపల కోసం నీరు వదులుతున్నారు, కాలువలకు కొత్త తలుపులు కట్టి వృథాను తగ్గించారు. అలా మిగిలిన నీరు ఇప్పుడు నదిలో పారుతోంది.