బారసాల నాటికీ బాలింత ఏడుపు ఆగకపోతే

(తెరపై: ఉయ్యాల, పక్కన పట్టుచీరలో బాలింత. వీడియో అక్కడ ఆగుతుంది.)

ఇది మా పాప బారసాల. ఆ కూర్చున్నది నేనే. నవ్వుతున్నాను కదా? ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. అంతకు పది నిమిషాల ముందు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి వచ్చాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో నాకే తెలీదు.

కాన్పయిన మూడో రోజుకో నాలుగో రోజుకో ఏడుపు రావడం మామూలే. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, కుట్లు సలుపుతాయి, నిద్ర ఉండదు. దీన్నే బేబీ బ్లూస్ అంటారు. మందులక్కర్లేదు, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. కాసేపు బిడ్డని ఎవరైనా అందుకుంటే అదే పదివేలు.

మన ఇళ్లల్లో రోజులెలాగూ లెక్కపెడతాం. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల. ఆ లెక్కే ఇక్కడా వాడుకోండి. పురుడు నాడు కళ్లనీళ్లు పెట్టుకుంటే కంగారు పడొద్దు. బారసాల నాటికీ తగ్గలేదంటే అది డిప్రెషన్ కావచ్చు. కొందరికి కడుపుతో ఉన్నప్పుడే మొదలవుతుంది, కొందరికి కాన్పయిన నెలల తర్వాత. మన దేశంలోని అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్క కడితే బాలింతల్లో 22 శాతం మందికి ఉందని తేలింది. నాన్నలకీ వస్తుంది, పదిమందిలో ఒకరికి. వాళ్లు ఏడవరు, చిరాకు పడతారు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఏడుపొక్కటే గుర్తు కాదు. బిడ్డ పడుకుంది, పక్కన అమ్మ ఉంది, అయినా నిద్ర పట్టడం లేదా? నాకు పట్టేది కాదు. పాప ఊపిరి తీస్తోందో లేదోనని రాత్రికి పదిసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ‘ఎంత జాగ్రత్తో’ అని ఇంట్లో అందరూ మురిసిపోయారు!

(తెరపై: పది ప్రశ్నల కాగితం.)

బాలింతల్లో డిప్రెషన్‌ని పసిగట్టడానికి 1987లో బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ కాక్స్ బృందం తయారుచేసిన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇది. గడిచిన ఏడు రోజులు ఎలా ఉన్నాయో అడుగుతుంది. పదో ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. దానికి ‘ఎప్పుడూ లేదు’ తప్ప ఇంకేం రాసినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మరి బిడ్డ సంగతి? 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. ఆడిస్తున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోమన్నారు. బిడ్డ నవ్వింది, చేతులు చాచింది, చివరికి ముఖం తిప్పేసుకుంది. ఇది విని కుమిలిపోకండి. తల్లి మళ్లీ పలకరించగానే బిడ్డ మెల్లగా ఆటలోకి వచ్చింది.

ఒక్కదానికి మాత్రం ఆలస్యం పనికిరాదు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది కాదో తెలియని తీవ్రమైన మానసిక జబ్బు వస్తుంది. రోజుల తరబడి నిద్ర ఉండదు, లేని గొంతులు వినిపిస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టి కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల్ని విడదీయకుండా వైద్యం చేసే వార్డే ఉంది.

ఎక్కడికెళ్లాలో తెలీకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, 14416. రాత్రయినా సరే, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. డాక్టర్ థైరాయిడ్, రక్తం పరీక్షలు రాస్తే చేయించండి, అవి తేడా చేసినా ఇలాగే ఉంటుంది. పాలిస్తున్నానని ముందే చెప్పండి. పాలలోకి చాలా తక్కువగా వెళ్లే సర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులున్నాయి. బాగుందనిపించినా మీ అంతట మీరు ఆపేయకండి.