ఎత్తబడే నమ్మకం, ఓటు, జెరూసలేం

అందరికీ వందనాలు. గుంటూరులో ఈ విషయం మాట్లాడాలంటే కాస్త టెన్షన్‌గానే ఉంది, ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామంది ఆదివారం మందిరానికి వెళ్లేవాళ్లే మరి. రెండవ రాకడ, అంటే యేసు మళ్లీ రావడం, నిజమా కాదా అని తేల్చడానికి నేను రాలేదు. ఆ నమ్మకం అమెరికాలో ఓటుగా ఎలా మారిందన్నదే నా మాట.

సంఘం ఎత్తబడటం (అంటే విశ్వాసుల్ని ఆకాశానికి తీసుకుపోవడం), ఏడేళ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, హార్‌మెగిద్దోను అనే ఆఖరి యుద్ధం, క్రీస్తు వెయ్యేళ్ల పాలన... కూటాల్లో వినీ వినీ ఈ వరస అపొస్తలుల కాలం నుంచీ ఇలాగే ఉందనుకుంటాం. దీన్ని ఇలా పేర్చి ప్రచారం చేసినవాడు జాన్ నెల్సన్ డార్బీ, 1830ల్లో. ఆయన బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మనిషి. ఆ బ్రదరన్ మిషనరీలే 1836లో ఇండియా వచ్చి తర్వాత మన నరసాపురంలో స్థిరపడ్డారు. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ మాత్రం లూథరన్. చివరి పునరుత్థానానికి ముందే భక్తులు భూమ్మీద రాజ్యమేలతారన్న బోధని లూథరన్లు 1530లోనే, ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణలో, తోసిపుచ్చారు! ఈ సంగతి మన లూథరన్లలోనే ఎంతమందికి గుర్తుందో.

అమెరికాలో డార్బీ వరసని ఇంటింటికీ చేర్చింది 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు. వచనం కింద వేసిన నోట్సుని కూడా జనం వచనమంత భక్తిగా చదివారు. ఆ వరసలో యూదులు తమ దేశానికి తిరిగి రావడం ఒక గుర్తు, అందుకే 1948లో ఇజ్రాయెల్ ఏర్పడటం, 1967లో పాత జెరూసలేం దాని చేతికి రావడం వాళ్లకి ప్రవచనం నెరవేరినట్టే అనిపించింది. 1984 ఎన్నికల డిబేట్‌లో అధ్యక్షుడు రీగన్‌ని హార్‌మెగిద్దోను గురించే అడిగారు. వేదాంతులతో మాట్లాడానుగానీ దాన్నిబట్టి ప్లాన్లు వెయ్యలేదన్నాడాయన. నమ్మొచ్చు కూడా, విదేశాంగ విధానాన్ని బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం ఒక్కటే నడిపిస్తుందంటే నేనూ ఒప్పుకోను, ఆయుధాలున్నాయి, చమురుంది, కోల్డ్ వార్ ఉండేది. ఇజ్రాయెల్‌లోని అమెరికా ఎంబసీని టెల్ అవీవ్ నుంచి జెరూసలేంకి మార్చాలన్న చట్టం 1995లోనే వచ్చింది, తర్వాతి అధ్యక్షులు ఆరేసి నెలలకోసారి వాయిదా వేస్తూ పోయారు. ట్రంప్ మార్చాడు. 2018 మే 14న ప్రారంభోత్సవంలో ప్రార్థన చేసినవాళ్లలో పాస్టర్ జాన్ హేగీ ఉన్నాడు, 2006లో ఇజ్రాయెల్ కోసం క్రైస్తవుల్ని కూడగట్టి సంస్థ పెట్టినాయన. 2020లో ట్రంపే సభలో బయటపెట్టేశాడు, అది ఎవాంజెలికల్స్ కోసం, అంటే ఈ నమ్మకం బలంగా ఉన్న ప్రొటెస్టెంట్ వర్గం కోసం, చేశానని.

అదే 2006లో జెరూసలేంలోని నలుగురు సంఘ పెద్దలు, వాళ్లలో లూథరన్ బిషప్ కూడా ఉన్నాడు, ఇజ్రాయెల్ రాజకీయాల్ని ఇలా ప్రవచనంతో ముడిపెట్టే బోధ తప్పని లిఖితపూర్వకంగా చెప్పారు. వాషింగ్టన్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, అక్కడి క్రైస్తవులకి అమెరికాలో ఓటు లేదు కదా. సరే, ఇక అడగండి, పాస్టర్లతోనే మొదలుపెడదాం.