అమెరికాలో సొంతంగా ఆరోగ్య బీమా తీసుకోవడం: హెల్త్‌కేర్ డాట్ గవ్ సమీక్ష, తప్పక తెలియాల్సిన గడువులు

నమస్కారం. ఈ వీడియోలో హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటును సమీక్షిస్తున్నాను. అమెరికాలో ఉద్యోగం ద్వారా ఆరోగ్య బీమా లేనివారు, ఉన్న బీమా పోయినవారు సొంతంగా ప్లాను తీసుకోవడానికి ప్రభుత్వం నడిపే మార్కెట్‌ప్లేస్ ఇది. ఏ ప్లాను మంచిదని చాలామంది అడుగుతారు. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఎప్పటిలోగా చేరాలన్నది, ఎందుకంటే గడువు దాటిన తర్వాత, ప్రత్యేక కారణం ఏదీ లేకపోతే, ఎంత ప్రీమియం కట్టడానికి సిద్ధపడినా ఆ ఏడాదికి ఈ ప్లాన్లలో చేర్చుకోరు.

ఈ గడువులు ఎందుకున్నాయో తెలిస్తే నిబంధనలు సులువుగా గుర్తుంటాయి. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం, మధుమేహం ఉందనో, గతంలో క్యాన్సర్ వచ్చిందనో కంపెనీలు ఎవరినీ తిరస్కరించకూడదు, ఆ కారణంతో ఎక్కువ ప్రీమియం అడగకూడదు. అంతటి రక్షణ ఇచ్చి, ఎప్పుడంటే అప్పుడు చేరవచ్చని కూడా అంటే, జబ్బు చేసేదాకా ఎవరూ చేరరు. అందుకే అందరూ చేరడానికి ఏటా ఒక కాలాన్ని కేటాయించారు. దానినే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు.

అది నవంబరు 1న మొదలవుతుంది. 2026 ప్లాన్ల కోసం ఈ సైటులో జనవరి 15 వరకు అవకాశం ఇచ్చారు. డిసెంబరు 15లోగా ఎంచుకున్నవారికి జనవరి 1 నుంచి, ఆ తర్వాత ఎంచుకున్నవారికి ఫిబ్రవరి 1 నుంచి కవరేజీ మొదలయ్యేలా నియమం పెట్టారు. 2027 కవరేజీ నుంచి మాత్రం కొత్త నిబంధన ప్రకారం ఈ సైటులో డిసెంబరు 15తోనే గడువు ముగుస్తుంది. కాబట్టి పాత వీడియోలు చూసి, సంక్రాంతి వరకు సమయం ఉందిలే అని దయచేసి వాయిదా వేయకండి. టెక్సాస్, ఫ్లోరిడా, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాలవారు ఈ సైటునే వాడతారు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, జార్జియా వంటివి సొంత సైట్లు నడుపుతున్నాయి, వాటి గడువులు వేరుగా ఉండవచ్చు. మీ రాష్ట్రం పేరు ఎంచుకుంటే ఎక్కడికి వెళ్ళాలో హెల్త్‌కేర్ డాట్ గవ్ చూపిస్తుంది.

ఇక మన ప్రేక్షకుల్లో ఎక్కువమందికి అవసరపడే భాగానికి వస్తున్నాను. ఏడాది మధ్యలో ఉద్యోగం పోతే ఏం చేయాలి? ఉద్యోగంతో వచ్చిన బీమా ముగిసిన రోజుకు ముందు 60 రోజులు, ఆ తర్వాత 60 రోజులు ప్రత్యేక నమోదుకు అవకాశం ఉంటుంది. అయితే కవరేజీ సాధారణంగా మీరు ప్లాను ఎంచుకున్న నెల తర్వాతి నెల మొదటి తేదీనే మొదలవుతుంది. ఉదాహరణకు మీ బీమా జూన్ 30న ముగుస్తుందనుకుందాం. జూన్‌లోనే ప్లాను ఎంచుకుంటే జూలై 1 నుంచి కొత్త బీమా అమలులోకి వస్తుంది, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదు. ఇంకా సమయం ఉంది కదా అని ఆగస్టు 25 దాకా ఆగితే, నిబంధన ప్రకారం మీరు గడువులోనే ఉన్నా, జూలై, ఆగస్టు నెలలు బీమా లేకుండా గడుస్తాయి. అందువల్ల లేఆఫ్ సమాచారం అందిన రోజునే, కవరేజీ ఏ తేదీతో ముగుస్తుందో హెచ్‌ఆర్‌ను అడిగి, ఆ తేదీ రాసి ఉన్న పత్రం తీసుకోండి. నమోదు సమయంలో దానిని రుజువుగా అడగవచ్చు.

ఇక్కడే కోబ్రా అనే చట్టం గురించి చెప్పాలి. సాధారణంగా 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ నుంచి బయటికి వచ్చినవారు, పాత బీమానే మామూలుగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. కాకపోతే ఇదివరకు కంపెనీ కట్టిన వాటాతో కలిపి మొత్తం ప్రీమియం, దానిపై 2 శాతం వరకు నిర్వహణ రుసుము మనమే భరించాలి. చికిత్స మధ్యలో ఉన్నవారికి, గర్భిణులకు డాక్టరు మారకుండా ఉంటారు కనుక ఆ ఖర్చు సమంజసమే కావచ్చు. కానీ కొన్ని నెలలు కోబ్రా కట్టి, భారమై, 60 రోజుల గడువు దాటిన తర్వాత మానేస్తే, అది స్వచ్ఛందంగా వదులుకున్నట్టే లెక్క. ఆ కారణంతో మార్కెట్‌ప్లేస్‌లో ప్రత్యేక నమోదు దొరకదు, మళ్ళీ నవంబరు వరకు ఆగాలి. ప్రీమియం కట్టక బీమా రద్దయినవారికీ ఇదే వర్తిస్తుంది.

బిడ్డ పుట్టినా, దత్తత తీసుకున్నా 60 రోజుల అవకాశం ఉంటుంది, కవరేజీ ఆ రోజు నుంచే వర్తిస్తుంది. పెళ్ళికీ, కొత్త ప్రాంతానికి మారడానికీ ఇలాంటి అవకాశమే ఉంది. మామూలుగా అంతకుముందు బీమా ఉన్నట్టు చూపాలి, విదేశం నుంచి వచ్చినవారికి ఆ షరతు లేదు. ఇవన్నీ మార్కెట్‌ప్లేస్ నియమాలు. కంపెనీ బీమాలో భార్యాబిడ్డలను చేర్చడానికి చాలా సంస్థలు 30 రోజులే ఇస్తాయి. బిడ్డ పుట్టిన హడావుడిలో ఈ గడువు జారిపోవడం చాలా బాధాకరమైన విషయం, తేదీ ముందే రాసి పెట్టుకోండి.

సైటు విషయానికొస్తే, ఇందులో నాకు బాగా నచ్చింది ఖాతా తెరవకుండానే ధరలు చూసే వీలు. జిప్ కోడ్, వయసులు, అంచనా ఆదాయం ఇస్తే చాలు. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అనే తరగతులు వైద్య నాణ్యతను కాక, సగటున ఖర్చులో ప్లాను ఎంత భరిస్తుందో తెలుపుతాయి: వరుసగా దాదాపు 60, 70, 80, 90 శాతం. తక్కువ ఆదాయానికి డిడక్టిబుల్, అంటే బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేముందు మనం జేబులోంచి కట్టవలసిన మొత్తం, తగ్గించే అదనపు సాయం సిల్వర్ ప్లాన్లకే ఉంటుంది, అది తెలియక చవకని బ్రాంజ్ తీసుకుంటే నష్టపోతారు. లోపం చెప్పాలంటే, డాక్టర్ల వివరాలు. సైటులో వెతికే సౌకర్యం ఉన్నా, నేనైతే దాని మీదే ఆధారపడమని చెప్పను. మీ డాక్టరు కార్యాలయానికి ఫోన్ చేసి, ప్లాను పూర్తి పేరు చదివి, నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లానుతో ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలో, ఉన్నారా అని అడగండి. ఇదే పోలికతో కనిపించే ప్రైవేటు సైట్లు స్వల్పకాలిక ప్లాన్లు అమ్ముతుంటాయి. అవి పాత జబ్బులకు డబ్బు ఇవ్వకపోవచ్చు, కనుక చిరునామా చివర డాట్ గవ్ ఉందో లేదో చూసుకోండి.

ఆదాయం దగ్గర మాత్రం ఎంతో జాగ్రత్త అవసరం. ప్రీమియం భారం తగ్గించడానికి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీని మీరు రాసిన అంచనా ఆదాయాన్ని బట్టి ముందుగానే ఇస్తారు, పన్ను దాఖలు చేసేటప్పుడు అసలు ఆదాయంతో సరిచూస్తారు. 2026 పన్ను సంవత్సరం నుంచి, ఎక్కువగా తీసుకున్న సబ్సిడీని పరిమితి లేకుండా మొత్తం తిరిగి కట్టాలి. మధ్యలో కొత్త ఉద్యోగం వస్తే వెంటనే సైటులో ఆదాయం మార్చండి. హెచ్‌-1బి వంటి చట్టబద్ధమైన వీసాలపై ఉన్నవారు కూడా ఇక్కడ ప్లాను కొనవచ్చు. అయితే 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి వారికి సబ్సిడీ ఉండదు, గ్రీన్ కార్డు ఉన్నవారికి కొనసాగుతుంది.

తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కూ, పిల్లల కోసం ఉన్న చిప్ పథకానికీ అర్హత ఉంటే ఏడాదిలో ఏ రోజైనా దరఖాస్తు చేయవచ్చు. ఫారం నింపడం కష్టమనిపిస్తే 1-800-318-2596కు ఫోన్ చేసి దుభాషిని అడగండి, ఆ సేవ ఉచితం. చివరి మెట్టు దగ్గర మాత్రం ఆగిపోకండి. ప్లాను ఎంచుకున్నంత మాత్రాన బీమా మొదలు కాదు, మొదటి నెల ప్రీమియం బీమా కంపెనీకి చేరితేనే కవరేజీ అమలులోకి వస్తుంది. ఆ చెల్లింపు రసీదు, సభ్యత్వ కార్డు చేతికి వచ్చేవరకు వెంటపడండి.