సగం మెర్జ్‌కి పూర్తి చుట్టరికం కలపకండి

అందరికీ నమస్తే. స్క్రీన్ మీద ఒక వార్నింగ్ పెట్టాను, చూడండి. ‘ఎస్‌వీఎన్ చెర్రీ-పిక్ ఇగ్నోర్డ్’ అని ఉంది. అంటే, ఒక బ్రాంచ్ నుంచి కొన్ని మార్పులే ఏరి తెచ్చుకున్న మెర్జ్‌ని (కలపడాన్ని) లెక్కలోకి తీసుకోలేదని. పక్కన బ్రాంచ్, అంటే కోడ్‌లో విడిగా నడిచే పాయ పేరు, రివిజన్ నంబరు, చివర్లో ‘మిస్సింగ్ 2 కమిట్స్’. దాచుకున్న ఒక్కో మార్పునే గిట్‌లో కమిట్ అంటాం, సబ్‌వెర్షన్‌లో రివిజన్ అంటాం. ఈ రెండూ కోడ్ చరిత్రని దాచే టూల్సే. పాత సబ్‌వెర్షన్ రెపోని, అంటే కోడ్‌నీ దాని చరిత్రనీ, గిట్-ఎస్‌వీఎన్ అనే వంతెన లాంటి టూల్‌తో గిట్‌లోకి తెచ్చుకున్నవాళ్లకి ఇది బాగా పరిచయమే. కొన్ని రెపోల్లో స్క్రీన్ నిండా ఇవే వస్తాయి. చూసి టెన్షన్ పడేవాళ్లున్నారు, అసలు చదవకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. నేనైతే అంతకన్నా పెద్ద తప్పు చేశాను. ఆ వార్నింగ్ చెప్పిన మాటని కాదని, నా సొంత స్క్రిప్టుతో ఆ మెర్జ్‌లన్నిటినీ పూర్తి మెర్జ్‌లుగా కట్టేశాను. అందుకే ఈరోజు వీడియో మొత్తం ఈ ఒక్క లైన్ గురించే.

ముందు అసలు తేడా చూద్దాం. గిట్‌లో మెర్జ్ కమిట్ అంటే ఇద్దరు తల్లిదండ్రులున్న, అంటే తనకి ముందున్న కమిట్లు రెండున్న కమిట్. రెండో పేరెంట్‌గా ఒక కమిట్‌ని చూపించామంటే, దాని వెనకున్న చరిత్ర అంతా ఇందులో కలిసిపోయిందని ఒప్పుకున్నట్టే. వంశవృక్షం లాంటిది. తాతని ఒప్పుకుని ముత్తాతని కాదనడం కుదరదు.

సబ్‌వెర్షన్ పద్ధతి వేరు. అది పద్దుల పుస్తకం. ఫలానా బ్రాంచ్ నుంచి ఫలానా రివిజన్లు తెచ్చాం అని మెర్జ్‌ఇన్ఫో అనే ప్రాపర్టీలో రాసుకుంటుంది. పది రివిజన్లలో ఒక్కటే తెచ్చుకుంటే ఆ ఒక్క నంబరే రాస్తుంది. ఒక ఫోల్డర్‌కి మాత్రమే మెర్జ్ చేస్తే ఆ ఫోల్డర్ మీదే రాస్తుంది. ఈ పద్దు రాయడం కూడా 2008 జూన్‌లో 1.5 వెర్షన్ వచ్చాకే మొదలైంది. అంతకుముందు ఏ మెర్జ్ ఎక్కడ జరిగిందో మనుషులు కమిట్ మెసేజ్‌లో రాసుకోవాల్సిందే. రాయకపోతే అంతే సంగతులు.

ఇప్పుడు దగ్గరగా చూద్దాం. బిల్లింగ్ అనే బ్రాంచ్ ఉంది. అందులో 104, 105, 106 అని మూడు రివిజన్లు. 104లో పైసల రౌండింగ్ సరిచేశారు, 105లో ఒక టేబుల్ మార్చారు, 106 ఒక అర్జెంట్ బగ్ ఫిక్స్. ట్రంక్, అంటే ప్రధాన పాయ చూసుకునేవాళ్లకి ఆ ఫిక్స్ మాత్రమే కావాలి. 106 ఒక్కదాన్నే మెర్జ్ చేశారు, అది ట్రంక్‌లో 107 అయింది. మెర్జ్‌ఇన్ఫోలో ‘బ్రాంచెస్ బిల్లింగ్, 106’ అని పడింది. గిట్-ఎస్‌వీఎన్ దాన్ని చదివి, 106ని పేరెంట్‌గా పెడదామా అని లెక్క చూసుకుంది. 104, 105 రాలేదు కదా, అందుకని పేరెంట్‌గా పెట్టకుండా వదిలేసి, రెండు కమిట్లు తక్కువున్నాయని మనకి చెప్పింది. అది పూర్తిగా సరైన పని.

నా స్క్రిప్టు ఏం చేసిందంటే, మెర్జ్‌ఇన్ఫోలో పేరు కనిపిస్తే చాలు, పేరెంట్‌గా కట్టేసింది. గ్రాఫ్ చూడటానికి చాలా బాగుంది. కొన్ని నెలల తర్వాత బిల్లింగ్ బ్రాంచ్ మొత్తాన్ని ట్రంక్‌లోకి మెర్జ్ చేశాం. కాన్‌ఫ్లిక్ట్, అంటే రెండువైపుల మార్పులూ ఢీకొనడం లేదు, ఎర్రర్ లేదు. కానీ రౌండింగ్ కోడ్ రాలేదు. ఎందుకు వస్తుంది? గిట్ దృష్టిలో రెండు బ్రాంచ్‌లూ కలిసిన చివరి చోటు 106. దాని తర్వాత మారినవే చూస్తుంది. 104, 105 ఎప్పుడో వచ్చేశాయని నేనే దానికి చెప్పాను మరి. ట్రంక్‌లో లేనివి చూపించమని లాగ్ అడిగినా ఆ రెండూ కనబడవు. కస్టమర్ బిల్లులో పైసలు తేడా వచ్చేదాకా మాకెవరికీ తెలియలేదు.

అందుకే నా మాట ఇది. మెర్జ్ గీత లేకపోతే చరిత్ర కాస్త వెలితిగా ఉంటుంది, అంతే. లేని చుట్టరికం కలిపితే మాత్రం ముందుముందు జరిగే ప్రతి మెర్జ్ తప్పుతోవ పడుతుంది.

ఇక అటువైపు ప్రయాణం, అంటే గిట్ నుంచి సబ్‌వెర్షన్‌కి పంపడం. ఆఫీసు సర్వర్ ఇంకా సబ్‌వెర్షన్ మీదే ఉండి, మన మెషీన్‌లో గిట్ వాడుకునేవాళ్లకి ఇది రోజువారీ పని. ఇలా పంపే కమాండ్ డీకమిట్. అది కొట్టినప్పుడు మన కమిట్ ఏ బ్రాంచ్‌కి వెళ్లాలో గిట్-ఎస్‌వీఎన్ ఎలా తెలుసుకుంటుందో తెలుసా? మొదటి పేరెంట్ దారి పట్టుకుని వెనక్కి నడుస్తూ, ఆ కమిట్ ఏ సబ్‌వెర్షన్ బ్రాంచ్‌దో చెప్పే గిట్-ఎస్‌వీఎన్-ఐడీ అనే లైన్ మొదట ఎక్కడ దొరికితే అక్కడికే పంపుతుంది. ట్రంక్‌లో నిలబడి బ్రాంచ్‌ని మెర్జ్ చేస్తే, అది ఫాస్ట్-ఫార్వర్డ్ అయిపోయిందనుకోండి, అంటే కొత్త మెర్జ్ కమిట్ పుట్టకుండా ట్రంక్ నేరుగా బ్రాంచ్ చివరికి జరిగిపోయిందన్నమాట. అప్పుడు పైన కనిపించేది బ్రాంచ్ ఐడీ. తర్వాత మీరు ట్రంక్‌కి అనుకుని పంపిన పని పోయి బ్రాంచ్‌లో పడుతుంది. కాబట్టి ఇక్కడ మెర్జ్‌కి, ఫాస్ట్-ఫార్వర్డ్ కానివ్వని నో-ఎఫ్ఎఫ్ ఆప్షన్ తప్పనిసరి. డీకమిట్‌కి డ్రై-రన్ ఉంది, నిజంగా పంపకుండా ఏం జరగబోతోందో చూపిస్తుంది. ముందు అది కొట్టి, ఏ యూఆర్‌ఎల్ చూపిస్తోందో కళ్లారా చూసి, అప్పుడు పంపండి.

ఆ మెర్జ్ సబ్‌వెర్షన్‌లో ఒకే ఒక్క రివిజన్‌గా పడుతుంది. మెర్జ్‌ఇన్ఫో పద్దు దానంతట అది రాయదు. డీకమిట్‌కి మెర్జ్‌ఇన్ఫో ఆప్షన్ ఇచ్చి మనమే రాయించాలి. లేదంటే కాన్ఫిగ్‌లో ఎస్‌వీఎన్ డాట్ పుష్‌మెర్జ్‌ఇన్ఫో ఆన్ చేయాలి. అదైనా మొదటి పేరెంట్ కాకుండా మిగతా పేరెంట్లన్నీ అప్పటికే సబ్‌వెర్షన్‌కి చేరి ఉంటేనే పనిచేస్తుంది. ఇది మర్చిపోతే సబ్‌వెర్షన్ వాడే మీ పక్క సీటాయన అదే బ్రాంచ్‌ని మళ్లీ మెర్జ్ చేస్తాడు. పాపం, ఆయన తప్పేం లేదు. మీ చిన్న చిన్న పనులకైతే మెర్జ్ జోలికే పోకుండా గిట్ ఎస్‌వీఎన్ రీబేస్ చేసుకుని, అంటే సర్వర్‌లోని తాజా కోడ్ మీద మన కమిట్లని మళ్లీ పేర్చుకుని, తిన్నగా పంపడం మేలు.

ఎల్ఎల్‌వీఎం, జీసీసీ లాంటి పెద్ద కంపైలర్ ప్రాజెక్టులకీ ఈ తలనొప్పి తప్పలేదు. ఎల్ఎల్‌వీఎం 2019లో గిట్‌హబ్‌కి మారినప్పుడు మెయిన్ బ్రాంచ్‌లో మెర్జ్ కమిట్లే వద్దు, చరిత్ర ఒకే గీతగా ఉండాలని నిర్ణయించుకుంది. జీసీసీ 2020 జనవరిలో మారింది. ఎన్నో ఏళ్ల చరిత్రని రెపోసర్జన్ అనే టూల్‌తో మార్చుకుంది.

మరి 2008కి ముందు జరిగిన, పద్దు లేని అసలైన మెర్జ్‌ల సంగతేంటి? వాటికి గిట్ రీప్లేస్‌లో గ్రాఫ్ట్ ఆప్షన్ ఉంది. గ్రాఫ్ట్ అంటే మన మామిడి తోటల్లో కట్టే అంటు లాంటిదే. కమిట్‌లోని ఫైళ్లు మారవు, పేరెంట్ మాత్రమే మారుతుంది. క్లోన్ చేసినవాళ్లకి ఇది దానంతట రాదు కాబట్టి, చివర్లో చరిత్రని తిరగరాసే ఫిల్టర్-రెపో అనే టూల్‌తో శాశ్వతం చేసుకోవాలి. కానీ అంటు కట్టేముందు ఆ బ్రాంచ్‌లోని ప్రతి కమిట్ ట్రంక్‌లోకి వచ్చిందో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. మెసేజ్‌లో ‘మెర్జ్‌డ్’ అని ఉంటే చాలదు.

మా రెపోని మేం మళ్లీ మొదటి నుంచి తెచ్చుకున్నాం. ఈసారి మొత్తం బ్రాంచ్ వచ్చిందని తేలిన చోటే అంటు కట్టాం. 107ని మామూలు కమిట్‌గానే వదిలేశాం. బిల్లింగ్‌ని మళ్లీ మెర్జ్ చేస్తే ఈసారి 104 కూడా వచ్చింది, రౌండింగ్ లైన్ దగ్గర ఒక కాన్‌ఫ్లిక్ట్‌తో పాటు. కాన్‌ఫ్లిక్ట్ చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.