డిజిటల్ కాటా తప్పు చూపిస్తోందా? పారేసే ముందు ఒకసారి విప్పి చూద్దాం

(టేబుల్ మీద వంటింటి కాటా. పైన ఏమీ లేదు. అంకె కదులుతోంది.)

నమస్తే అండి. ఆన్ చేసినప్పుడు ఈ కాటా సున్నా చూపించింది. పైన ఏమీ పెట్టలేదు, అయినా ఇప్పుడు 37 గ్రాములు అంటోంది. అదిగో, 41. ఇలా అవ్వగానే లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందని పారేస్తుంటారు. చూస్తే నాకు బాధేస్తుంది. నేను విప్పి చూసినవాటిలో బోర్డు తప్పు చాలా తక్కువ.

ముందు పళ్లెం కింద చూడండి. ఒక్క బియ్యపు గింజ ఇరుక్కున్నా తూకం తప్పుతుంది.

తర్వాత బ్యాటరీలు. కాటా ఆన్‌లో ఉండగానే మల్టీమీటర్‌తో, అంటే వోల్టులు, ఓమ్‌లు కొలిచే మీటర్‌తో కొలవండి. రెండు పెన్సిల్ సెల్స్ కొత్తవైతే కలిపి 3 వోల్టులు దాటుతాయి. 2.4కి పడిపోతే మార్చేయండి. స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంటే దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరనివ్వండి.

(వెనక స్క్రూలు విప్పుతూ)

ఒక్క మాట. కొట్లో వాడే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. దాని సీలు మనం తెంపకూడదు. ఇదంతా ఇంట్లో వాడుకునే కాటా గురించే.

(అల్యూమినియం కడ్డీ క్లోజప్)

ఇదే లోడ్ సెల్. బరువు పెడితే ఈ కడ్డీ కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నటి రేకులు సాగుతాయి, వాటి రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, మారుతుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తాం. ఆ మార్పు ఎంత చిన్నదంటే, కడ్డీకి 3 వోల్టులు ఇస్తే 5 కిలోల పూర్తి బరువుకు కూడా వచ్చేది సుమారు 3 మిల్లీవోల్టులే! అందుకే కాస్త తేమ, కాస్త మురికి చాలు, అంకె పరుగులు పెడుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. బ్యాటరీలు తీసేసి, నాలుగు వైర్లనూ బోర్డు నుంచి ఊడదీయండి. అలాగే ఉంచి కొలిస్తే బోర్డు రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది. చాలావాటిలో ఎరుపు, నలుపు కరెంటు ఇచ్చేవి. తెలుపు, ఆకుపచ్చ సిగ్నల్ తెచ్చేవి. కంపెనీని బట్టి రంగులు మారతాయి, ఊడదీసే ముందు ఫోటో తీసుకోండి. ఇది 1000 ఓమ్‌ల లోడ్ సెల్. ఎరుపు-నలుపు మధ్య సుమారు 1000, తెలుపు-ఆకుపచ్చ మధ్య కూడా అంతే. మిగతా నాలుగు జతల్లో ఏది కొలిచినా 750 దగ్గర రావాలి.

(మీటర్ క్లోజప్)

ఎరుపు-తెలుపు 750. నలుపు-తెలుపు 750. ఎరుపు-ఆకుపచ్చ... చూడండి, వైరు కదిపితే అంకె ఎగురుతోంది. నలుపు-ఆకుపచ్చ కూడా అంతే. రెండింట్లోనూ ఉన్నది ఆకుపచ్చ వైరే. కడ్డీ దగ్గర దాని సోల్డరింగ్ వదులైంది. బోర్డుకు ఏమీ కాలేదు.

అన్ని జతలూ సరిగ్గా ఉండి, వైర్లు మళ్లీ కలిపి కాటా ఆన్ చేశాక బరువు లేకపోయినా తెలుపు-ఆకుపచ్చ మధ్య రెండు మూడు మిల్లీవోల్టులు వస్తుంటే మాత్రం కడ్డీ వంగిపోయిందనుకోవచ్చు. ఎవరో మోయలేనంత బరువు పెట్టారన్నమాట. దాన్ని సరిచేయలేం. కొత్త లోడ్ సెల్ వేసి, మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాల్సిందే, అంటే తెలిసిన బరువు పెట్టి కాటాను దానికి సరిచూసి సెట్ చేయాలి.

(వైరు అతికించి, కాటా బిగించాక)

తూకం రాళ్లు లేకపోతే పది రూపాయల నాణేలు తీసుకోండి. ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు. పది పెడితే 77 రావాలి. పళ్లెం మధ్యలో, తర్వాత నాలుగు అంచుల్లో పెట్టి చూద్దాం.

77. 77. 77. ఇక్కడ 78, ఒక గ్రాము తేడా ఈ కాటాకు మామూలే. 77.