డిగ్రీ లేదా? రెజ్యూమెలో ఈ లింక్ పెట్టండి

నమస్తే అండీ. వాయిస్ వస్తోంది కదా... ఆఁ, వస్తోంది.

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఇంటర్‌తో ఆపేశాను, సాఫ్ట్‌వేర్‌లోకి రావచ్చా?" రావచ్చు. నేను వచ్చాను. తొమ్మిదేళ్లు మొబైల్ రిపేర్ షాపులో కూర్చుని, 29వ ఏట కోడింగ్ మొదలుపెట్టాను. కాకపోతే అన్ని కంపెనీల్లోకీ రానివ్వరు, అది ముందే చెప్పేస్తున్నా. ఈ జాబ్ పోస్ట్ చూడండి. కింద... ఇదిగో ఇక్కడ. "15 ఏళ్ల ఫుల్‌టైమ్ ఎడ్యుకేషన్". అంటే పదో తరగతి, ఇంటర్, ఆపైన మూడేళ్ల డిగ్రీ. ఈ లైన్ కనపడిందంటే వదిలేయండి, ముందుకెళ్లిపోండి. జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు చాలా ఏళ్ల నుంచే ఇంటర్, డిప్లొమా చదివినవాళ్లని తీసుకుని నేర్పిస్తున్నారు. కానీ అది అప్పుడే చదువు అయిన పిల్లలకి. మనలాంటి వాళ్లు చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు, వెబ్‌సైట్లు చేసిచ్చే ఏజెన్సీల చుట్టూ తిరగాలి. వాళ్లు అడిగేది "ఏం చేశావు, చూపించు" అని. ఆ చూపించే లింక్ ఈ రోజు చేద్దాం.

అన్నట్టు, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని ఫోన్లు వస్తాయి. నాకూ వచ్చాయి. వద్దండీ. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది.

సరే, స్క్రీన్ మీదకి వద్దాం. ఇది నా మొదటి ప్రాజెక్ట్. షాపులో మేం రాసే రిపేర్ రిజిస్టరే, వెబ్‌పేజీగా చేశాను. కస్టమర్ పేరు, మోడల్, డిస్‌ప్లే పోయిందా, ఛార్జింగ్ పిన్ పోయిందా, అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు ఇస్తామన్నాం. క్యాలిక్యులేటర్, టు-డూ లిస్ట్ అందరూ పెడతారు, దాని గురించి అడగడానికేం ఉండదు. దీని మీద ఇంటర్వ్యూలో నన్ను ఇరవై నిమిషాలు అడిగారు. "అడ్వాన్స్ ఇచ్చి మూడు నెలలు రాకపోతే ఏం చేస్తావు?" అన్నారు. అది నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! మీది కిరాణా అయితే ఖాతా పుస్తకం చేయండి, టైలరింగ్ అయితే కొలతల పుస్తకం.

ఇప్పుడు గిట్‌హబ్, అంటే మన కోడ్‌ని ఆన్‌లైన్‌లో పెట్టుకునే సైట్. అకౌంట్ ఉందనుకుంటున్నా. న్యూ రిపాజిటరీ, అంటే ప్రాజెక్ట్‌కి ఒక ఫోల్డర్ లాంటిది, పేరు, పబ్లిక్, క్రియేట్. ఇక్కడ వీఎస్ కోడ్‌లో, అంటే మనం కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో, టెర్మినల్ తెరవండి, కమాండ్లు కొట్టే చోటు అది... కోడ్‌లో మార్పుల్ని గుర్తుపెట్టుకునే టూల్ గిట్. గిట్ ఇనిట్, యాడ్, కమిట్ అంటే మార్పుల్ని సేవ్ చేయడం, గిట్‌హబ్‌లో చూపించిన ఈ రెండు లైన్లు కాపీ, పుష్ అంటే గిట్‌హబ్‌కి పంపడం. పాస్‌వర్డ్ కొట్టకండి, 2021 ఆగస్టులోనే అది తీసేశారు. బ్రౌజర్ తెరుచుకుంటుంది, సైన్ ఇన్ నొక్కండి, చాలు. పుష్ అయింది. ఇక దాన్ని వెబ్‌సైట్‌గా చూపించడానికి గిట్‌హబ్‌లో సెట్టింగ్స్, పేజెస్, బ్రాంచ్ దగ్గర మెయిన్, సేవ్. ఒకట్రెండు నిమిషాలు ఆగాలి. ఈలోగా ఒకటి, వీఎస్ కోడ్‌లో షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కండి. చూశారా, కోడ్ అంతా నీట్‌గా సర్దుకుంది. నేను నిమిషానికోసారి నొక్కుతుంటాను, అలవాటైపోయింది.

ఆఁ, లింక్ వచ్చింది. తెరుద్దాం. పేజీ వచ్చింది... అందులో నేను పెట్టిన ఫొటో లేదు.

ఇక్కడ ఆగండి. కావాలనే ఇలా పెట్టాను. ఇదే నన్ను రెండు రోజులు ఏడిపించింది. నా లాప్‌టాప్‌లో ఫొటో బ్రహ్మాండంగా కనపడుతోంది, లింక్‌లో లేదు. అప్పటికే ఆ లింక్ ఒక కంపెనీకి పంపేశాను కూడా! కోడ్ మొత్తం తీసేసి మళ్లీ రాశాను. అయినా లేదు.

ఎఫ్12 నొక్కండి, కన్సోల్, అంటే బ్రౌజర్ తప్పులు చూపించే చోటు. ఎర్రగా 404 అని ఉందా? ఫైల్ దొరకలేదంటోంది. ఉంది కదా మరి! ఇప్పుడు పేరు చూడండి. కోడ్‌లో నేను రాసింది "ఫ్రంట్ డాట్ జేపీజీ", అన్నీ చిన్న అక్షరాలు. ఫోల్డర్‌లో? ఎఫ్ పెద్దది. చివర జేపీజీ కూడా పెద్ద అక్షరాలే, కెమెరా అలాగే ఇచ్చింది. విండోస్‌కి రెండూ ఒకటే. గిట్‌హబ్‌కి కాదు, దానికి ఇవి రెండు వేర్వేరు ఫైళ్లు.

సరే, పేరు మార్చేస్తే పోతుంది కదా అని ఫోల్డర్‌లోకెళ్లి మార్చాను. ఇలా. ఇప్పుడు ఏం మారిందో చెప్పే గిట్ స్టేటస్ కొడదాం... చూశారా? "మార్పు ఏమీ లేదు" అంటోంది! విండోస్‌లో ఒట్టి పెద్ద అక్షరాన్ని చిన్నది చేస్తే గిట్ పట్టించుకోదు. రెండో రోజంతా ఇక్కడే పోయింది నాకు. అందుకే ఫోల్డర్‌లో పాత పేరే మళ్లీ పెట్టేసి, టెర్మినల్‌లో పేరు మార్చే కమాండ్ కొట్టాలి: గిట్ ఎంవీ, పాత పేరు, కొత్త పేరు. స్క్రీన్ మీద ఉంది, అక్షరం కూడా తేడా రాకుండా కొట్టండి. మళ్లీ స్టేటస్. ఇప్పుడు పచ్చగా "రీనేమ్డ్" అని వచ్చింది. కమిట్, పుష్.

ఆగుదాం... కంట్రోల్ ఎఫ్5 కొట్టండి, ఒట్టి రీఫ్రెష్ అయితే పాతదే చూపించొచ్చు. ఆఁ, వచ్చింది ఫొటో! రెజ్యూమెలో పెట్టే ముందు మీ ఫోన్‌లో కాదు, ఇంట్లో ఇంకొకళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి. నేనైతే మా అమ్మ ఫోన్‌లో చూస్తాను, అది పాతది, స్లో. దాంట్లో తెరుచుకుందంటే ఎందులోనైనా తెరుచుకుంటుంది.