పాలకొండ మీద రెండు రోజులు: ఆస్ట్రోగోతుల చివరి ఓటమిపై చర్చ

సంధానకర్త: నమస్కారం. క్రీ.శ. 552లో ఇటలీ గడ్డ మీద కొద్ది నెలల తేడాతో ఇద్దరు గోతు రాజులు యుద్ధంలోనే నేలకొరిగారు. ముందు తోతిలా, తరవాత పాలకొండ అనే కొండ దగ్గర తేయా. వాళ్లతో, ఇటలీని ఏలిన జర్మానిక్ జాతి ఆస్ట్రోగోతుల రాజ్యం కథ ముగిసింది. ఓడించింది కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సేన. దాన్ని నడిపిన నర్సెస్ అంతఃపురంలో, కోశాగారంలో జీవితం గడిపిన వృద్ధ నపుంసకుడు. ఈ రోజు మనతో ప్రాచీన చరిత్ర బోధించే ఆచార్యురాలు, సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కర్నల్ గారు, కళాచరిత్ర చెప్పే మాస్టారు ఉన్నారు. మేడమ్, మీతో మొదలుపెడదాం. ఈ ఓటమిని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

ఆచార్యురాలు: అందరూ 552 నుంచి చెబుతారు. నేను 540 నుంచి చెబుతాను. యుద్ధం 535లో మొదలైంది. ఇటలీలో గోతు రాజ్యం స్థాపించిన థియోడొరిక్ కూతురు అమలసుంతను ఆమె సింహాసనం పంచిన బంధువు థియోడహాదే చంపించాడు. జస్టీనియన్‌కు అదే సాకు అయింది. అయిదేళ్లలో ఆయన సేనాపతి బెలిసారియస్ సిసిలీ, నేపుల్స్, రోము గెలిచి గోతుల రాజధాని రవెన్నాను ముట్టడించాడు. అప్పటికి పర్షియా వైపు నుంచి ముప్పు ముంచుకొస్తోంది. అందుకని చక్రవర్తే ఒక ఒప్పందం పంపాడు. పో నదికి ఉత్తరాన ఉన్న నేల గోతులకు, దక్షిణం సామ్రాజ్యానికి, రాజకోశం చెరిసగం. గోతులు సరేనన్నారు. బెలిసారియస్ సంతకం పెట్టలేదు.

సంధానకర్త: సేనాపతి చక్రవర్తి మాటను కాదన్నాడా?

ఆచార్యురాలు: అవును. గెలుపు చేతికందే దూరంలో ఉండగా సగం రాజ్యం ఎందుకు వదలాలి అనుకున్నాడు. అప్పుడు గోతులు ఆయననే తమకు ఏలికగా ఉండమన్నారు. ఒప్పుకున్నట్టు నటించి రవెన్నాలో ప్రవేశించి, రాజు విటిగిస్‌ను, ఖజానాను ఓడల్లో తూర్పుకు తీసుకెళ్లాడు. అంత తెలివిగా గెలిచిన పట్టణం అది. కానీ గోతులు మోసపోయామని మండిపోయారు. ఆ మంట మీద నెయ్యి పోసింది సామ్రాజ్యమే. లెక్కలు తేల్చడానికి అలెగ్జాండర్ అనే అధికారిని పంపింది. బంగారు నాణెం గుండ్రదనం చెడకుండా అంచులు కత్తిరించగల నేర్పరి అని ఆయనకు ‘కత్తెర’ అని పేరు పడింది. థియోడొరిక్ కాలం నాటి బకాయిలు కట్టమని ఇటలీ ప్రజల మీద పడ్డాడు. గాయాలతో నిలిచిన సైనికుల జీతాల్లో కోత పెట్టాడు. జనం, సైనికులు ఇద్దరూ ఒకేసారి సామ్రాజ్యానికి దూరమయ్యారు. 541లో తోతిలా రాజయ్యాడంటే, ఆ సింహాసనానికి సగం మెట్లు కట్టింది ఆ కత్తెరే.

కర్నల్: మేడమ్ చెప్పినదాంట్లో జీతం సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. జీతం అందని సైనికుడు కోట తలుపు ఎంతకాలం కాస్తాడు? 546 డిసెంబరులో రోము పడిపోయింది కోట గోడలు బద్దలై కాదు. కాపలాలో ఉన్న ఇసౌరియా సైనికులు కొందరు రాత్రివేళ తలుపు తీశారు. తోతిలా లోపలికి వచ్చేసరికి నగరంలో మిగిలిన సామాన్యులు 500 మంది మాత్రమేనని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. ఒకనాటి మహానగరం అది! తరవాత కొంతకాలం అందులో మనిషన్నవాడే లేడు.

మాస్టారు: ప్రొకోపియస్ బెలిసారియస్ కొలువులో పనిచేసినవాడు. మొదటి ముట్టడులు కళ్లారా చూశాడు. ఒక్క పికెనమ్ ప్రాంతంలోనే కరవుకు 50,000 మందికి తక్కువ కాకుండా రైతులు చనిపోయారని రాశాడు. అంకెల్లో హెచ్చుతగ్గులుండవచ్చు. ఆకలితో చర్మం ఎముకలకు అతుక్కుపోవడం, పీకడానికి బలం లేక గడ్డిని పట్టుకునే ప్రాణం విడవడం, ఇవి ఊహించి రాసే సంగతులు కావు. ఆ పుటలు చదివాక యుద్ధవ్యూహాల గురించి ఉత్సాహంగా మాట్లాడటం నాకు కష్టం. కర్నల్ గారు మన్నించాలి.

కర్నల్: మన్నించడానికి ఏముంది మాస్టారూ. నేనూ అదే కారణంతో వ్యూహం గురించి మాట్లాడాలంటాను. పదేళ్లకు పైగా సాగిన యుద్ధాన్ని నర్సెస్ కొద్ది నెలల్లో ముగించాడు. అది ఎలా జరిగిందో తెలియకపోతే, ముందటి పదేళ్లు ఎందుకు వృథా అయ్యాయో తెలియదు.

సంధానకర్త: అయితే చెప్పండి. నర్సెస్ దగ్గర ఏముంది, బెలిసారియస్ రెండోసారి ఇటలీకి వచ్చినప్పుడు ఆయనకు లేనిది?

కర్నల్: డబ్బు. తగినంత సైన్యం ఇవ్వకపోతే కదలనని ముందే తేల్చి చెప్పాడు. ఇటలీలోని సైనికుల పాత బకాయిలన్నీ తీర్చే సొమ్ము వెంట తెచ్చుకున్నాడు. ఆ కబురు విని, విసిగిపోయి తోతిలా వైపు వెళ్లిన సైనికులు కూడా ఆలోచనలో పడ్డారు. తోడుగా బయటి తెగల వాళ్లను తెచ్చాడు: లంబార్డుల నుంచి పరివారంతో కలిపి 5,500 మంది, హెరూలులు 3,000 పైచిలుకు, గెపిడ్లు 400, హూణులు, పర్షియా నుంచి పారిపోయి వచ్చినవారు. ఇంతమందినీ ఒక్క తాటి మీద నడపడం మాటలు కాదు. ఇక దారి. ఉత్తరాన ఫ్రాంకులు దారి ఇవ్వలేదు. వెరోనా వైపు, అప్పటికి తోతిలా సేనాని అయిన తేయా నేలను నీటితో ముంచి, గుంటలు తవ్వి బాట మూసేశాడు. సముద్రతీరం వెంట అయితే అడుగడుగునా నదీముఖాలు, అక్కడికి సైన్యం రాలేదని గోతుల ధీమా. నర్సెస్ తీరం వెంటే వచ్చాడు. ఓడలను పక్కనే నడిపిస్తూ, నది అడ్డం వచ్చినప్పుడల్లా పడవలు వరసగా కట్టి వంతెన వేశాడు. అలా 552 జూన్‌లో రవెన్నా చేరాడు.

ఆచార్యురాలు: అంతకు ముందు సంవత్సరం సేనా గలికా అనే ఊరి దగ్గర సముద్రయుద్ధంలో గోతులు ఓడకపోయి ఉంటే ఆ పడవలు అంత నిశ్చింతగా తీరం వెంట వచ్చేవి కావు. వాళ్ల 47 ఓడల్లో 11 మాత్రమే తప్పించుకున్నాయి.

కర్నల్: నిజం. తాగినే అనే చోట జరిగిన యుద్ధానికి సగం పునాది అక్కడే పడింది.

సంధానకర్త: ఇక తాగినే. తోతిలా గుర్రం మీద నాట్యం చేసిన చోటు.

కర్నల్: అపెనైన్ కొండల నడుమ మైదానం. యుద్ధం ఎప్పుడు అని నర్సెస్ అడిగితే, ఎనిమిది రోజుల తరవాత అన్నాడు తోతిలా. నర్సెస్ నమ్మలేదు, మర్నాటికే సిద్ధంగా ఉన్నాడు. తోతిలా మర్నాడే వచ్చాడు. మైదానం పక్కన ఒక చిన్న గుట్ట ఉంది. నర్సెస్ రాత్రికి రాత్రే 50 మంది కాల్బలాన్ని దాని మీద నిలబెట్టాడు. గోతు రౌతులు మళ్లీ మళ్లీ దాడి చేశారు. ఆ 50 మంది డాళ్లు ఒకదానికొకటి ఆనించి కదలకుండా నిలిచారు. పౌలస్ అనేవాడు బాణాలు అయిపోయి, కత్తి వంగిపోయాక, మీదికి వచ్చిన ఈటెలను చేతుల్తో లాక్కున్నాడు. గుట్ట దక్కింది. అంటే నర్సెస్‌ను చుట్టుముట్టే దారి మూసుకుపోయింది.

ఆ తరవాత తోతిలాకు కావలసింది సమయం. తేయా తెస్తున్న 2,000 మంది రౌతులు ఇంకా చేరలేదు. బంగారు కవచం తొడిగి, రెండు సేనల మధ్య గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతూ, ఈటెను గాలిలోకి ఎగరేసి పట్టుకుంటూ విన్యాసం చేశాడు. ఆ పూట అలా గడిచింది. 2,000 మందీ వచ్చారు. భోజనం చేసి వచ్చి ఒక్కసారిగా దాడి చేస్తే శత్రువు ఏమరుపాటులో దొరుకుతాడనుకున్నాడు. కానీ నర్సెస్ తన వాళ్లను ఆయుధాలు దించనివ్వలేదు, నిలబడిన చోటే తినమన్నాడు.

మాస్టారు: నాకొక సందేహం కర్నల్ గారూ. ఈటె తప్ప మరే ఆయుధమూ వాడవద్దని తోతిలా తన సేనకు ఆజ్ఞ ఇచ్చాడట. ప్రొకోపియస్ దాన్ని మతిలేని పని అన్నాడు. మీరేమంటారు?

కర్నల్: మతిలేని పని అనను. తెగింపు అంటాను. సంఖ్యలో తక్కువగా ఉన్నవాడు విలుకాళ్లతో విల్లు పట్టి గెలవలేడు. వేగంగా మధ్యభాగాన్ని చీల్చాలి, అదొక్కటే దారి. అయితే నర్సెస్ ఆ ఒక్క దారినే మూసి ఉంచాడు. మధ్యలో లంబార్డులను, హెరూలులను గుర్రాలు దింపి నిలబెట్టాడు. పారిపోవాలనుకున్నా గుర్రం లేదు. రెండు పక్కలా నాలుగేసి వేల విలుకాళ్లు నెలవంక ఆకారంలో ముందుకు వంగి ఉన్నారు. గోతు రౌతులు ఆ నెలవంక కడుపులోకి దూసుకెళ్లారు. సాయంత్రానికి వెనక్కి తిరిగారు, తమ కాల్బలాన్నే తొక్కుకుంటూ. 6,000 మంది చనిపోయారు.

సంధానకర్త: తోతిలా?

ఆచార్యురాలు: చీకట్లో కొద్దిమందితో పారిపోతుండగా గెపిడ్ నాయకుడు అస్బాద్ వెంటపడి ఈటెతో పొడిచాడు. అది ఎవరినో అస్బాద్‌కు అప్పుడు తెలియదు. అనుచరులు రాజును కాప్రే అనే ఊరికి చేర్చారు, ఆయన అక్కడ ప్రాణం విడిచాడు. తొందరగా పూడ్చిపెట్టి వెళ్లిపోయారు. తరవాత ఒక గోతు స్త్రీ ఆ సమాధిని చూపించింది. సైనికులు నమ్మక తవ్వి, ముఖం చూసి, మళ్లీ పూడ్చారు. పదకొండేళ్లు సామ్రాజ్యానికి నిద్ర లేకుండా చేసిన మనిషి అంతిమక్రియ అది. నెత్తుటి మరకలతో ఉన్న ఆయన వస్త్రాలను కాన్‌స్టాంటినోపుల్ పంపారు.

గెలిచిన వెంటనే నర్సెస్ చేసిన మొదటి పని లంబార్డులను సొమ్ము ఇచ్చి ఇంటికి పంపడం. వాళ్లు ఇళ్లు తగలబెడుతున్నారు, చర్చిల్లో తలదాచుకున్న స్త్రీలను చెరుస్తున్నారు. పంపాడు సరే. కానీ ఇటలీకి దారి వాళ్లు చూసేశారు. 568లో రాజు అల్బోయిన్ వెంట కుటుంబాలతో సహా తిరిగి వచ్చారు.

సంధానకర్త: తేయా గురించి చెప్పండి. ఆయన చివరి యుద్ధాన్ని వీరగాథగా చెప్పుకుంటారు.

ఆచార్యురాలు: వీరత్వం ఉంది, కాదనను. కానీ ఒక విషయం ముందు చెప్పాలి. తోతిలా ఇటలీ నగరాల పెద్దల పిల్లలను 300 మందిని తన దగ్గర ఉంచుకున్నాడు. పేరుకు కొలువు, నిజానికి జామీను. తేయా రాజు కాగానే ఆ పిల్లలందరినీ చంపించాడు. పాలకొండ మీద ఆయన శౌర్యం గురించి చెప్పే ప్రతిసారీ ఆ 300 మందిని కూడా తలుచుకోవాలని నా విద్యార్థులకు చెబుతాను.

కర్నల్: తప్పకుండా తలుచుకోవాలి. ఇక యుద్ధం సంగతి. గోతుల ఖజానాలో పెద్ద భాగం కూమే కోటలో ఉంది, తేయా తమ్ముడు అలిగెర్న్ కాపలా. దాన్ని కాపాడటానికి తేయా ఉత్తరం నుంచి కంపానియా దాకా వచ్చాడు. వెసూవియస్ దిగువన ఒక చిన్న నదికి అటూ ఇటూ రెండు సేనలు రెండు నెలలు కాచుకున్నాయి. గోతులకు తిండి ఓడల మీద వచ్చేది. వాళ్ల నౌకాధిపతే ఓడలను శత్రువుకు అప్పగించాడు. ఇక నిలవలేక పక్కనే ఉన్న కొండ ఎక్కారు. లాటిన్‌లో దాని పేరు మోన్స్ లాక్టారియస్, అంటే పాలకొండ. అక్కడ తినడానికి ఏమీ లేదు. ఆకలితో చావడం కన్నా పోరాడి చావడం మేలని, గుర్రాలు వదిలి, తెల్లవారుతూనే కిందికి దూకారు.

తేయా ముందు నిలిచాడు. అందరూ ఆయన మీదికే ఈటెలు విసిరారు. డాలుతో కాచుకుంటూ, డాలు బరువెక్కగానే మరొకటి అందుకుంటూ, పొద్దు బాగా ఎక్కేదాకా పోరాడాడు. 12 ఈటెలు గుచ్చుకున్న డాలును మార్చుకునే ఆ ఒక్క క్షణంలో ఛాతీ బయటపడింది. ఒక ఈటె తగిలింది. తల నరికి గడకర్రకు గుచ్చి రెండు సేనలకూ చూపించారు. గోతులు ఆగలేదు! ఆ రోజు చీకటి పడేదాకా, మర్నాడు మళ్లీ చీకటి పడేదాకా పోరాడారు. రాజు పడిపోయాక ఒకటిన్నర రోజులు పోరాడిన సేనలు చరిత్రలో ఎన్ని ఉంటాయి? రెండో రాత్రి రాయబారం పంపారు. చక్రవర్తి కింద బతకలేం, మా సొమ్ము మాకిచ్చి వెళ్లనివ్వండి అన్నారు. నర్సెస్ ఒప్పుకున్నాడు. 18 ఏళ్ల యుద్ధం గురించిన ప్రొకోపియస్ కథనం అక్కడే ఆగుతుంది.

మాస్టారు: కథనం ఆగింది కానీ గోతులు ఆగలేదు. కొందరు పవీయా వైపు వెళ్లారు. 553లో ఫ్రాంకులు, అలమన్నులు ఇటలీ మీదికి వస్తే వాళ్లతో కొందరు కలిశారు. 554లో కాసిలినమ్ దగ్గర నర్సెస్ ఆ సేననూ తుడిచిపెట్టాడు. అలిగెర్న్ మాత్రం ఫ్రాంకుల యజమాన్యం కన్నా చక్రవర్తి పాలనే మేలని కూమే తాళాలు నర్సెస్‌కు అప్పగించి ఆయన పక్షానే నిలిచాడు. వెరోనా, బ్రెష్యా 560ల ఆరంభంలో గానీ లొంగలేదు.

సంధానకర్త: మాస్టారూ, మీరు రవెన్నా వెళ్లి వచ్చారు. అక్కడ గోతుల ఆనవాళ్లు ఏమున్నాయి?

మాస్టారు: థియోడొరిక్ సమాధి ఉంది, ఒకే బండరాతితో చేసిన కప్పు. దాని కింద నిలబడితే ఆ రాతిని సముద్రం దాటించినవాళ్లు అనాగరికులు కాదని అర్థమవుతుంది. కానీ నన్ను నిలబెట్టేసింది సంత్ అపొల్లినారె నువొవొ చర్చి. థియోడొరిక్ కట్టించినది. కుడి గోడ మీద మొజాయిక్‌లో ఆయన రాజభవనం ఉంది. స్తంభాల మధ్య ఒకప్పుడు మనుషుల బొమ్మలు ఉండేవి. సామ్రాజ్యం గెలిచాక, చర్చి చేతులు మారాక, ఆ మనుషులను తీసేసి తెరలు పరిచారు. అయితే స్తంభాల మీదికి చాచిన కొన్ని చేతులు అలాగే మిగిలిపోయాయి. ఇక్కడ ఒక అరచెయ్యి, అక్కడ ముంజేయి. మనిషి లేడు.

సంధానకర్త: కావాలనే వదిలేశారా?

మాస్టారు: స్తంభాన్ని కదిలించడం ఇష్టం లేక వదిలేశారని నా అనుకోలు. నేను ఆ చేతుల కింద చాలాసేపు నిలబడ్డాను.

ఆచార్యురాలు: చట్టంలోనూ అదే జరిగింది. 554లో జస్టీనియన్ ఇటలీకి ఇచ్చిన శాసనం థియోడొరిక్ ఇచ్చిన వాటిని ఉంచింది, తోతిలాను నిరంకుశుడని పిలిచి ఆయన ఇచ్చినవన్నీ రద్దు చేసింది. తోతిలా భూస్వాముల బానిసలను తన సేనలో చేర్చుకున్నాడు, కౌలు పైకాన్ని రైతుల నుంచి తానే వసూలు చేశాడు. అది దయతో చేశాడా, అవసరంతో చేశాడా అని వాదించుకోవచ్చు. ఆ బానిసలకు దొరికిన కాస్త వెసులుబాటు మాత్రం ఆ శాసనంతో పోయింది. పొలాలూ బానిసలూ తిరిగి పాత యజమానులకే. 540లో పో నది దగ్గర గీత గీసి ఆగి ఉంటే, రోము అలా ఖాళీ అయ్యేది కాదు, ఆ 300 మంది పిల్లలు బతికేవారు. నేను బెలిసారియస్‌ను గొప్ప సేనాపతిగా గౌరవిస్తాను. ఆ సంతకం పెట్టనందుకు క్షమించలేను.

కర్నల్: నది దగ్గర గీసిన గీత ఎన్నాళ్లు నిలిచేదో నాకు నమ్మకం లేదు మేడమ్. బలం పుంజుకున్న మరుక్షణం ఎవరో ఒకరు దాటేవారు.

ఆచార్యురాలు: దాటేవారేమో. పదేళ్ల పంటలైనా ఇంటికి వచ్చేవి కదా కర్నల్ గారూ.

సంధానకర్త: సమయం దగ్గరపడింది. ఒక ప్రేక్షకురాలు పంపిన ప్రశ్న. గోతుల భాష ఏమైంది?

మాస్టారు: ఊదారంగు తోలు మీద వెండి అక్షరాలతో రాసిన గోతు బైబిల్ పుటలు స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్నాయి. నాకు అంతకన్నా దగ్గరగా అనిపించేది 551 నాటి ఒక పపైరస్ పత్రం. తోతిలా ఇంకా బతికే ఉన్నాడు, రవెన్నా మాత్రం సామ్రాజ్యం చేతిలో ఉంది. అక్కడి గోతు చర్చి అప్పు తీర్చలేక తన చిత్తడి నేలను అమ్ముకుంది. పత్రమంతా లాటిన్‌లోనే ఉంది. చివర సంతకాలు చేసిన మతగురువుల్లో నలుగురు మాత్రం తమ గోతు లిపిలో, గోతు భాషలో రాశారు. నేను చేవ్రాలు చేశాను, పైకం అందింది అని.